రేపటి భయం, ఈరోజు సంతకం

ఈ కాలంలో క్రైస్తవులుగా బతకడం ఎందుకు కష్టమని సంఘంలో ఎవరిని అడిగినా జవాబు ఇంచుమించు ఒకటే వస్తుంది. ఫోన్లు, సినిమాలు, చెడు స్నేహాలు, డబ్బు మీద ఆశ. అవన్నీ ఉన్నమాటే. అయితే చాలా ఏళ్లుగా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్న నాకు కనిపించేది ఇంకొకటి ఉంది. ప్రభువును నిజంగా ప్రేమించేవాళ్లు, ఆదివారం కన్నీళ్లతో పాటలు పాడేవాళ్లు, సోమవారం ఆఫీసులో చేయకూడని పని చేస్తున్నారంటే దాని వెనక ఎక్కువసార్లు ఉండేది భయమే. వెనకబడిపోతామేమో, పైవాళ్లకు కోపం వస్తుందేమో, పిల్లల చదువులు ఏమవుతాయో, నలుగురిలో వింతగా కనిపిస్తామేమో. ఆశను మనం పాపమంటాం. భయాన్ని మాత్రం జాగ్రత్త అంటాం, బాధ్యత అంటాం. అందుకే దాని గురించి పెద్దగా ప్రార్థన కూడా చేయం.

ఒకసారి త్రైమాసికం లెక్కలు ముగించే రోజుల్లో మా మేనేజర్ ఒక ఫైలు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. సరుకు కస్టమర్‌కు చేరింది కొత్త నెలలో. చలాన్ మీద అందుకున్నవాళ్ల స్టాంపు, దాని కింద తేదీ స్పష్టంగా ఉన్నాయి. ఆ అమ్మకాన్ని పాత నెలలో చూపిస్తే టార్గెట్ నిండుతుంది. "తేదీ మాత్రం నెలాఖరుది వేసి సంతకం పెట్టండి మేడమ్. నాలుగు రోజుల తేడాయే కదా, డబ్బు ఎలాగూ వచ్చేదే" అన్నారు. పక్కనే ఇంకో చలాన్ పెట్టారు, అందులో తేదీ గడి ఖాళీగా ఉంది.

ఆ కాగితంలో నాకు వచ్చే లాభం ఒక్క రూపాయి లేదు. అంటే అక్కడ నన్ను లాగుతున్నది ఆశ కానే కాదు. కాళ్లలో సన్నటి వణుకు, అప్రైజల్ నెల దగ్గర్లో ఉందన్న లెక్క, ఇంటి లోన్ వాయిదా, మా అమ్మాయి కాలేజీ ఫీజు. అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "సార్, సరుకు చేరిన తేదీతో అయితే ఇప్పుడే సంతకం చేసి ఇస్తాను. ఇంకో తేదీ వేయలేను" అన్నాను. ఆయన కాసేపు అలాగే నిలబడి ఫైలు తీసుకుని వెళ్లిపోయారు. ఆయన చెడ్డ మనిషి కాదు. నెలాఖరుకు ఆయన కూడా పైన ఇంకొకరికి జవాబు చెప్పుకోవాలి. ఆ ఇంకొకరు మరొకరికి. ఒకరి టెన్షన్ ఇంకొకరి మీదికి దిగుతూ దిగుతూ చివరికి నా టేబుల్ మీదికి కాగితంగా వచ్చింది, అంతే.

నిర్గమకాండం 5వ అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో చేసిందీ ఇదే. ఇశ్రాయేలీయులకు ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదన్నాడు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది ఆ ప్రజల మీద పెట్టిన వాళ్ల సొంత నాయకులే. ఇప్పుడు టార్గెట్లు స్క్రీన్ మీద కనబడతాయి కానీ, ఆ అధ్యాయం చదివిన ఏ ఉద్యోగికీ అది పాత కథ అనిపించదు.

దాని తర్వాత 16వ అధ్యాయానికి వస్తే దేవుడు ఆ భయాన్ని ఎలా విప్పాడో కనిపిస్తుంది. అరణ్యంలో మన్నా, ఆకాశం నుంచి కురిసిన ఆహారం. మనిషికి ఓమెరు అనే ఒక కొలత చొప్పున, ఏ రోజుది ఆ రోజే. రేపటికి ఉంటుందని దాచుకున్నవాళ్లది పురుగుపట్టి కంపుకొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు, అది పాడవలేదు. ఏడో రోజు కూడా ఏరుకుందామని కొందరు బయటికి వెళ్లారు. వాళ్లకు ఏమీ దొరకలేదు. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండే సంగతి ఒకటుంది. విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ సీనాయి కొండ మీద వచ్చేది 20వ అధ్యాయంలో. అంతకంటే ముందే, పలకల మీద రాయకముందే, దేవుడు దాన్ని తిండి ద్వారా నేర్పించాడు. తరతరాలుగా ఇటుకల లెక్కతో బతికిన జనానికి "ఈరోజు ఏరకపోయినా మీరు చావరు" అని నోటితో చెబితే నమ్మరు. కడుపుతో నేర్చుకోవాలి. అలా 40 ఏళ్లు నేర్చుకున్నారు.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని యేసు ప్రార్థన నేర్పినప్పుడు ఆ విన్నవాళ్ల మనసులో ఈ మన్నా కథ కదిలే ఉంటుంది. ఆ ప్రార్థనలో రేపటి ఊసు లేదు. నేను రోజూ చేసే ప్రార్థనలో అన్నిటికంటే కష్టమైన మాట ఇదే. పరలోకం, నిత్యజీవం నమ్మడం నాకు కష్టం కాదు. వచ్చే నెల దేవుని చేతిలో ఉందని నమ్మడం కష్టం.

మన చుట్టూ ఉన్న ప్రపంచం ఈ భయాన్ని పోనివ్వదు. నోటిఫికేషన్ మోగిన ప్రతిసారీ మనం లేనిచోట ఏదో జరిగిపోతోందని చెబుతుంది. మన వయసువాళ్లు ఎక్కడికి చేరారో, ఎవరి పిల్లలకు ఏ ర్యాంకు వచ్చిందో కళ్లు తెరవగానే చూపిస్తుంది. అందుకని మా ఇంట్లో రాత్రి ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కు పెడతాం. పడకగదిలో మామూలు అలారం గడియారం ఉంటుంది. పొద్దున ముందు వాక్యం, తర్వాతే ఫోన్. ఆదివారం ఆఫీసు మెయిల్ తెరవను. ఇందులో గొప్ప భక్తి ఏమీ లేదు. ఏడో రోజు బయటికి వెళ్లి వెతకకుండా ఉండడానికి చేసే ఏర్పాటు ఇది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే నర్సులు, డ్రైవర్లు మా సంఘంలో ఉన్నారు. వాళ్లకు ఆదివారం దొరకదు, వేరే రోజు చూసుకుంటారు. రోజు ఏదైనా, వారంలో ఒకసారి "నేను ఆగినా లోకం నడుస్తుంది" అని ఒంటితో ఒప్పుకోవాలి.

సంఘంలో యువకులు తరచూ అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. అక్కా, అన్నిటికీ నో చెబుతూ పోతే మనం లోకంలో ఉండేదెట్లా? దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని తొందరపడకుండా చదవమని చెబుతాను. బబులోనుకు చెరపట్టుకుపోయిన ఆ కుర్రాడు కల్దీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్ల విద్య చదివాడు, బెల్తెషాజరు అని వాళ్లు పెట్టిన పేరు మోశాడు, వాళ్ల రాజు దగ్గర ఉద్యోగానికి శిక్షణ తీసుకున్నాడు. ఇన్నిటికి ఒప్పుకున్నవాడు ఒక్క దగ్గర ఆగాడు, రాజు భోజనం దగ్గర. ఆగిన తీరు చూడండి. గొడవ చేయలేదు, నిరాహారదీక్షకు కూర్చోలేదు. అధికారిని వేడుకున్నాడు. ఆ అధికారి తన భయం చెప్పుకున్నాడు కూడా, మీ ముఖాలు వాడిపోతే రాజు నా తల తీస్తాడని. దానియేలు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. తమను చూసుకునేవాడి దగ్గరికి వెళ్లి, పది రోజులు శాకధాన్యాదులు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీకు తోచినట్టు చేయండి అన్నాడు. ఎదుటివాడి తల పోకుండా తన మనస్సాక్షి నిలిచే దారి వెతికాడు. విశ్వాసం పేరుతో ఆఫీసులో మొరటుగా మాట్లాడేవాళ్లను చూసినప్పుడల్లా ఈ పది రోజుల సంగతి వాళ్లకు ఎవరైనా చెబితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

అదే కాలంలో యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి బబులోనులో ఉన్న చెరవాళ్లకు ఉత్తరం రాశాడు. 29వ అధ్యాయంలో ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. తిరిగి ఇంటికి రావడానికి 70 ఏళ్లు పడుతుందని కూడా చెప్పాడు. మనం 11వ వచనాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటాం, సమాధానకరమైన ఉద్దేశాలన్న మాట. దానికి ముందు వచనంలో ఉన్న 70 ఏళ్లను ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇంటికి వెళ్లకుండానే చనిపోయి ఉంటారు. అయినా తోటలు నాటమన్నాడు. ఈ కాలపు సంస్కృతిని తిట్టడం సులువు. దాని క్షేమం కోరుతూ అందులో తోట నాటడానికి విశ్వాసం కావాలి.

క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా గవర్నర్ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ మిగిలి ఉంది. ఆయన పాలించింది బితూనియ, పొంతు ప్రాంతాలను. పేతురు తన మొదటి పత్రికను ఎవరికి రాశాడో మొదటి వచనంలో చూడండి, అదే పేర్లు కనబడతాయి. ఈ క్రైస్తవులు ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి ప్లినీ విచారణ జరిపాడు, సంఘంలో పరిచారకులుగా ఉన్న ఇద్దరు దాసీలను చిత్రహింస కూడా పెట్టించాడు. చివరికి తేలింది ఇది: వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడతారు. దొంగతనం చేయబోమని, వ్యభిచారం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, ఎవరైనా నమ్మి అప్పగించిన సొమ్మును తిరిగి అడిగితే లేదనబోమని ప్రమాణం చేస్తారు.

అకౌంట్స్ మనిషిని కాబట్టి ఆ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అప్పగించిన సొమ్ము తిరిగి ఇవ్వడం. ప్రాణాలకే గ్యారంటీ లేని రోజుల్లో, తెల్లవారుజామున చీకట్లో కూడుకుని, ఆ మనుషులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట ఇది. లోకాన్ని మార్చేస్తామనలేదు. పొరుగువాడి డబ్బు పొరుగువాడికి ఇస్తామన్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను కూడా తన దగ్గరికొచ్చిన సుంకరులను, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లను, ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులతో మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. మారుమనస్సు గురించి అడిగితే రసీదు పుస్తకం గురించి చెప్పిన ప్రవక్త ఆయన.

ఇదే లెక్కన మన వాట్సాప్ గ్రూపుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. "రేపు ఫలానా దేశంలో మిషనరీలను చంపబోతున్నారు, వెంటనే ప్రార్థించి పదిమందికి పంపండి" అనే మెసేజ్‌లు తేదీ లేకుండా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఫలానా మతంవాళ్లు, ఫలానా నాయకుడు ఇలా అన్నాడంటూ వచ్చేవి ఇంకా ఘోరం. నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలుకకూడదన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. ఫార్వర్డ్ బటన్ నొక్కితే పలికినట్టే. ప్రార్థన కోసమే పంపానని చెబితే ఆజ్ఞ సడలదు. వీటి వెనకా భయమే ఉంది. మనవాళ్లను ఎవరో ఏదో చేసేస్తారన్న భయం. క్రైస్తవులు నిజంగా హింస పడుతున్న చోట్లు ఉన్నాయి, వాళ్ల కోసం కన్నీళ్లతో ప్రార్థించాలి కూడా. అందుకే అబద్ధపు కబురు పంపడం వాళ్లకు చేసే అన్యాయం. నిజమో కాదో చూసుకోకుండా నేను ఏదీ పంపను. నాకు పంపినవాళ్లకు విడిగా, గ్రూపులో పరువు తీయకుండా, అన్నయ్యా ఇది నిజం కాదండీ అని రాస్తాను. పేతురు సాత్వికంతో జవాబు చెప్పమన్నది అవతలివాళ్లకే కాదు, మనవాళ్లకు కూడా అలాగే చెప్పాలి.

మళ్లీ ఆ ఫైలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్లందరూ వెంటనే అడిగేది, తర్వాత ఏమైంది అని. ఆ సంతకం ఇంకెవరో పెట్టారు. ఆ ఏడాది నా రేటింగ్ తగ్గింది, ఇంక్రిమెంట్ పేరుకే వచ్చింది. మేనేజర్ వచ్చి క్షమాపణ అడగలేదు. ఇంకో కంపెనీ నుంచి రెట్టింపు జీతంతో ఆఫర్ రాలేదు. సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చినప్పుడు ఈ చివరి భాగం విని కొందరి ముఖాలు వాడిపోయాయి. వాళ్లకు పతకం కావాలి.

స్కాట్లాండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ కథను కూడా మనం పతకం దగ్గరే కట్ చేస్తాం. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన ఆ పరుగు మానుకున్నాడు, 400 మీటర్లు పరుగెత్తి 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. ఆదివారం సంగతి ఆయనకు నెలల ముందే తెలుసు. అప్పటినుంచే 400 మీటర్లకు సాధన చేసుకున్నాడు. అంటే ఆయన నమ్మకంలో చెమట కూడా ఉంది. కానీ కథ అక్కడ ముగియలేదు. 1925లో మిషనరీగా చైనా వెళ్లాడు. యుద్ధ ప్రమాదం పెరుగుతుంటే 1941లో భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడా పంపించి తాను ఉండిపోయాడు. మూడో కూతురు కెనడాలోనే పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఎప్పుడూ చూడలేదు. 1943లో జపాన్ వాళ్లు వైషియన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. 1945 ఫిబ్రవరిలో, యుద్ధం ముగియడానికి కొన్ని నెలల ముందు, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే చనిపోయాడు. వయసు 43.

పారిస్‌లో దేవుడు ఆయనను ఘనపరిచాడు, వైషియన్‌లో మరచిపోయాడు అనగలమా? నేను అనలేను. దానియేలు స్నేహితులు షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి రాజుతో అన్నది ఇదే. మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం. ఆ "ఒకవేళ" లేని నమ్మకం బేరం. బేరం కుదరని రోజున మనిషి దేవుణ్ని వదిలేస్తాడు. అలా వదిలేసినవాళ్లను నేను దగ్గరగా చూశాను, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఫలితం గ్యారంటీ అని వాళ్లకు చెప్పినవాళ్ల మీద బాధ ఉంది.

మా అమ్మాయి కాలేజీలో ఏఐతో అసైన్‌మెంట్ రాయించకూడదని నిబంధన. క్లాసులో చాలామంది రాయిస్తున్నారు. "అమ్మా, నేనొక్కదాన్నే కూర్చుని రాస్తే నా మార్కులే తగ్గుతాయి కదా" అంది. తగ్గొచ్చు అన్నాను. తగ్గవు, దేవుడు చూసుకుంటాడు అని చెప్పడం తేలిక, కానీ అది నేను ఇవ్వగలిగిన మాట కాదు. మార్కులు తగ్గినా నువ్వు మాకు తగ్గవు, దేవుడికీ తగ్గవు అని చెప్పాను. తను గునుస్తూనే రాసుకుంది. ఆ మాట ఇంట్లో ఒకరు చెప్పకపోతే పిల్లలు భయాన్ని ఒంటరిగా మోస్తారు.

ఒంటరిగా అన్నచోటే చాలామంది విశ్వాసం విరిగిపోతుందని నా నమ్మకం. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా అడుగుతూ ఉన్నట్టుండి మన్నా వచనాన్ని ఎత్తుకుంటాడు. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తక్కువ కాలేదు అని. అరణ్యంలో ఆకాశం నుంచి కురిసింది ఇప్పుడు పక్కవాడి జేబులోంచి రావాలని పౌలు లెక్క. దేవుణ్ని నమ్ముకో తమ్ముడూ అని చెప్పి మనం ఇంటికి వెళ్లిపోతే ఆ లెక్క సగమే. మా ప్రార్థన గుంపులో ఈ వచనం చదివాక మేం ఒకరినొకరు అడగడం మొదలుపెట్టాం, ఈ వారం నువ్వు దేనికి భయపడుతున్నావు అని.

మొన్న ఆ ప్రశ్నకు ఒక తమ్ముడు నోరు విప్పాడు. యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేసే ఉద్యోగం అతనిది. సభ్యత్వం రద్దు చేసుకునే బటన్ ఎవరికీ దొరక్కుండా దాచమని అడిగారట. చూపు ఆనని పెద్దవాళ్లు నెలనెలా డబ్బు కట్టుకుంటూ పోతారు, ఆ డిజైన్ ఉద్దేశమే అది. కాదంటే కాంట్రాక్టు పొడిగించరేమోనని అతని భయం, పెళ్లై ఏడాది కూడా కాలేదు. మేం ప్రార్థన చేశాం. తర్వాత ఒక అన్నయ్య, కాంట్రాక్టు పోతే ఇంటి అద్దె సంగతి మేం చూస్తాం, నువ్వు దాని గురించి ఆలోచించకు అన్నారు. ఇంకొక అక్క అతని రెజ్యూమె అడిగి తీసుకుంది. నేను దానియేలు పది రోజుల సంగతి గుర్తు చేశాను. బటన్ కనిపించేలా పెట్టిన స్క్రీన్‌ను కొంతమంది కస్టమర్లకు పది రోజులు ఇచ్చి చూద్దాం, ఫిర్యాదులు ఎన్ని తగ్గుతాయో లెక్కేద్దాం అని మేనేజర్‌ను మర్యాదగా అడగమన్నాం. ఒప్పుకోకపోతే, దాచే స్క్రీన్ మాత్రం నేను గీయలేనని చెప్పడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు. సోమవారం మీటింగ్. కొత్త స్క్రీన్ గీసి నిన్న రాత్రి మాకు చూపించాడు, బటన్ పెద్దగా, పైనే ఉంది.